కెలెపి బండికి పట్టిన కరెంటు తెవులు

కెలెపి బండిలో ఒక జపాను ముసలావిడ చచ్చిపోయిందనీ, ఇప్పటికీ ముందు సీటు కిందే కాపురముంటోందనీ మా ఊళ్లో ఒక మాట ఉంది. ఎవరు పుట్టించారో తెలీదు. ఆవిడని చూసినవాళ్లు లేరు. కానీ తాళం తిప్పగానే లోపలినుంచి ఒక ఆడగొంతు జపాను భాషలో ఏదో మర్యాదగా చెబుతుంది కాబట్టి నమ్మనివాళ్లు కూడా లేరు. అది టోల్‌గేటు దగ్గర పనికొచ్చే మిషనని, కార్డు పెట్టలేదని గుర్తుచేస్తోందని నుకుఅలోఫా రేవులో బండ్లు దించే మనిషొకడు అన్నాడట. టోంగా మొత్తం గాలించినా ఒక్క టోల్‌గేటు కనబడదు. అలాంటప్పుడు దాని గురించి పొద్దున్నా సాయంత్రం గుర్తుచేయడానికి ఎవరికి పనిలేదు? ముసలావిడే నిజమని మేం తేల్చేశాం.

కెలెపి మంచివాడు. కాస్త విసుగు మనిషి, అంతే. ఆ విసుగు కూడా బండి కొన్నాకే వచ్చింది. అంతకుముందు అతను పెండలం తోట తవ్వుకుంటూ, సాయంత్రం మత్తెక్కించే కావా వేరు రసం తాగుతూ, ఎవరేం చెప్పినా నవ్వే మనిషి. జపానులో ఒక ఆయుష్షు పూర్తిచేసుకుని ఓడెక్కి వచ్చిన ఆ జీపులాంటి పెద్ద బండిని రేవు దగ్గర చూశాడు, మోజుపడ్డాడు, తెచ్చుకున్నాడు. అప్పటినుంచి నుదుటి మీద గీతలు పడ్డాయి. మొదట్లో రెండే. ఇప్పుడు ఆ నుదుటి మీద పెండలం నాటొచ్చు.

బండి ఊరికే కొనలేదు. శనివారం తెల్లవారకముందే మా వీధి ఆడవాళ్లమంతా కర్రపెండలం, చేమాకు కట్టలు, కొబ్బరికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు పట్టుకుని పట్నంలో తలమహు సంతకి వెళ్లాలి. కెలెపి మమ్మల్ని దింపి, సాయంత్రం తిరిగి తెస్తాడు. ఆ కిరాయితోనే వాళ్ల పొయ్యి వెలుగుతుంది. అతని పెండలం పంట ఇంట్లో తినడానికే చాలదు, ఎందుకంటే పిల్లలంతా అతని ఒడ్డూపొడుగూ పుణికిపుచ్చుకున్నారు. అతను కాకపోతే మాకు ఇంకొకడున్నాడు, పౌలా. పౌలాది పైకప్పులేని లారీ. వానొస్తే కోళ్లతోపాటు మేమూ తడుస్తాం. కానీ పౌలా లారీ ఆగదు. అదే కెలెపికి నిద్రపట్టనివ్వని సంగతి.

ఎందుకంటే కెలెపి బండి ఆగుతుంది. ఎక్కడ పడితే అక్కడ, ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు. ఎడమవైపు ఇండికేటరు వేస్తే వెనక వైపరు లేచి ఊగుతుంది. బ్రేకు తొక్కితే రేడియో నోరు మూసుకుంటుంది. హెడ్‌లైట్లు వేస్తే లోపలి దీపాలు చిలిపిగా కన్నుగీటుతాయి. డిక్కీ తలుపు బిగించి వేసినా తెరిచే ఉందని ముందు ఎర్రదీపం వెలుగుతుంది. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నడుస్తూ నడుస్తూ ఇంజను ఒక్కసారి గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు కొట్టుకుని చచ్చిపోతుంది చూడండి, దాన్ని మాత్రం ఓర్చుకోలేం. గంటసేపు దానికి ఇష్టమొచ్చినంత విశ్రాంతి తీసుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. జపాను ముసలావిడ మళ్లీ మర్యాదగా పలకరిస్తుంది.

సోసైయా అని మా ఊరి మెకానిక్కు ఉన్నాడు. వాడి చెయ్యి పడితే నడిచే బండి కూడా ఆగుతుందని గిట్టనివాళ్లు అంటారు, నేనూ అన్నాను. వాడు మొదట బ్యాటరీ మార్చాడు. తర్వాత డైనమో మార్చాడు. ఫ్యూజులన్నీ పీకి కొత్తవి వేశాడు. తర్వాత సెల్ఫు మోటారు, తర్వాత తాళం పెట్టే బుర్ర. బండిలో జపానుది ఇంకేం మిగిలిందంటే ఆ ముసలావిడే.

కొత్త బ్యాటరీ కూడా రాత్రికి రాత్రి నీరసపడిపోతుంటే కెలెపి రోజూ సాయంత్రం దాన్ని విప్పి, ఇంట్లోకి మోసుకెళ్లి, మంచం పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టాడు. వాళ్లావిడ ఆనాసెయిని ఊరుకునే రకం కాదు. బట్టలు ఆరేస్తూ నాతో అంది:

"అక్కా, మా ఇంట్లో ఇప్పుడు ముగ్గురం పడుకుంటున్నాం. నేనూ, ఆయనా, బ్యాటరీ. నాకు దగ్గొచ్చినా లేవడు గానీ దానికి చలేస్తుందేమోనని దుప్పటి కప్పాడు."

"నిజంగా కప్పాడా?"

"నా దుప్పటేనక్కా."

ఇంతకీ జబ్బెక్కడుందో ఎవరికీ తెలియదని మీరు అనుకుంటారు. అక్కడే ఉంది తమాషా. అందరికీ తెలుసు.

కెలెపికి ఒక మేనత్త ఉంది, లావినియా. వాళ్ల నాన్న చెల్లెలు. మేనత్త అడిగితే లేదనే మగాడు మా దీవిలో ఇంకా పుట్టలేదు, పుట్టినా వాడికి పేరు పెట్టి ఉండరు. పెళ్లయినా చావయినా ఆవిడదే పై చాప. అన్నగారింట్లో ఆవిడ వేలు ఏ వస్తువు వైపు చూపిస్తే అది ఆవిడదే, పందిపిల్ల దగ్గరినుంచి పిల్లాడి దాకా. అందులోనూ లావినియా మామూలు మనిషి కాదు. ఆవిడ నడిచొస్తుంటే కుక్కలు మొరగడం మానేసి దారి పక్కకి తప్పుకుంటాయి. నేను రెండుసార్లు చూశాను.

లావినియా చేతి మొగలి చాపలకి మా దీవిలో సాటి లేదు. మొగలాకుల్ని ఉడకబెట్టి, పొరలు తీసి, కట్టలు కట్టి, భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు కయ్య ఫాంగాఉతాలో, ఉప్పునీళ్లలో నానేస్తుంది. తెల్లగా పాలలా తేలాక పైకి తీస్తుంది. తీసిన కట్టల్ని ఇంటికి చేర్చడానికి ఆవిడకి కెలెపి బండి దొరికింది. నీళ్లోడుతున్న కట్టలు తిన్నగా డిక్కీలోకి వెళ్తాయి. దారిపొడుగునా ఉప్పునీళ్లు కారుతూ ఉంటాయి. ఇంటికెళ్లాక కొన్ని కట్టలు దిగుతాయి, కొన్ని దిగవు. వాటికి తోడు అల్లేసిన చాపలు, చుట్టలు చుట్టలుగా. ఏ ఇంట్లో ఎప్పుడు శవం లేస్తుందో, ఎప్పుడు పెళ్లి కుదురుతుందో తెలీదు కాబట్టి కానుకివ్వాల్సిన చాపలు బండిలో తయారుగా ఉండాలని లావినియా నియమం. అవి మేనత్త వస్తువులు. మేనల్లుడు వాటి మీద చెయ్యి వెయ్యకూడదు. జరపమని చెప్పకూడదు. వాసనొస్తోందని ముక్కు కూడా చిట్లించకూడదు. అందుకే మా కర్రపెండలం బుట్టలు మా ఒళ్లో, కోళ్లు మా కాళ్ల మధ్య. డిక్కీ అంతా అత్తది.

సోసైయా ఒకరోజు బండి కింద దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. నేను చేమాకులు కోయడానికి అటే వెళ్లాను, చెవులు మూసుకుని వెళ్లలేదు.

"బావా, జబ్బు వెనకుంది."

"వెనకెక్కడ?"

"డిక్కీ అడుగున పరిచిన పట్టా కింద. ఎర్తు వైర్లన్నీ అక్కడే ఒక బోల్టుకి బిగించుంటాయి. పెట్రోలు పంపుది కూడా అక్కడికే వస్తుంది. ఆ బోల్టుకి తుప్పు పట్టిందంటే కరెంటుకి దారి దొరక్క ఇష్టమొచ్చినట్టు తిరుగుద్ది. పంపు ఆగిపోద్ది. బండి చచ్చిపోద్ది."

"మరి తియ్యి."

"డిక్కీలో సామాను దించు, తీస్తాను."

కెలెపి డిక్కీ వైపు చూశాడు. చాప చుట్టలు, కట్టలు, పైన అత్త గొడుగు.

"నువ్వు దించు," అన్నాడు.

"నేనెందుకు దించుతాను? మీ అత్త సామాను."

"నీకు మేనత్త కాదుగా. నీకేమవుద్ది?"

"నాకేమవుద్దా? ఆవిడ చర్చిలో మా అమ్మ పక్కన కూర్చుంటుంది. నువ్వే అడగరాదూ, అత్తా ఒక్క గంట దించుకో అని?"

"అడగడమంటే నీ సామాను వల్లే బండి పాడైందని చెప్పడమే కదరా."

"అవును, పాడైంది దానివల్లే."

"అయితే నువ్వే వెళ్లి చెప్పు."

సోసైయా పానా సంచిలో వేసుకుంటూ అన్నాడు: "పోనీ ముందర ఇంకో కొత్త బ్యాటరీ వేసి చూద్దామా?"

వేశారు. అదండీ సంగతి. బండి నోట్లో ఉన్న పళ్లన్నీ పీకారు గానీ నొప్పున్న పన్ను మాత్రం ముట్టుకోలేదు. ఆనాసెయిని చేత అత్తకి చెప్పిద్దామని కెలెపి చూశాడు. ఆవిడ చేతులెత్తేసింది. "మీ వంశం ఆడపడుచుతో నేను పేచీ పెట్టుకోను. నా కూతుళ్లకి రేపు పిల్లలు పుట్టాలి, ఆవిడ శాపం తగలకూడదు," అంది.

చర్చి దగ్గర జరిగింది మాత్రం నేను కళ్లారా చూశాను, అందులో ఒక్క అక్షరం కల్పించలేదు. ఆ ఆదివారం ప్రార్థన మొదలైందో లేదో, బయట ఆగి ఉన్న బండి హారను దానంతటదే మోగడం మొదలుపెట్టింది. డిక్కీ తలుపు ఎవరో దొంగ తెరిచాడని దాని అనుమానం. ఆగదు. కెలెపి మోకాళ్ల మీదే వెనక్కి జరుగుతూ బయటికొచ్చాడు. బ్యాటరీ వైరు విప్పాలంటే పానా కావాలి. ఆదివారం పానా పట్టుకుంటే పని. మా దీవిలో ఆదివారం పని చేయడం నేరం, చేస్తే దేవుడు తర్వాత, ముందు పోలీసు వస్తాడు. పెద్దలంతా బండి చుట్టూ చేరి చర్చ పెట్టారు.

"పానాతో తిప్పితే పనే."

"చేత్తో లాగితే?"

"చేత్తో లాగడం పని కాదు. పిల్లాడి చెయ్యి పట్టుకుని లాగుతాం కదా, అది పనా?"

"నువ్వెప్పుడు లాగావు నీ పిల్లల్ని?"

చేత్తో లాగి చూశారు, రాలేదు. ఆదివారం పానా పట్టకూడదని ఆ రాత్రికి బ్యాటరీని బండిలోనే ఉంచి, సోసైయా ముందే గట్టిగా బిగించాడట. వాడు జన్మలో గట్టిగా బిగించింది అదొక్కటే. హారను అలా మోగుతూనే ఉంది. లోపల పాటగాళ్లు కాసేపు చూసి, ఇక లాభం లేదని హారను శ్రుతికే గొంతు కలిపి పాడేశారు. మధ్యాహ్నం అందరం చేమాకులో చుట్టి వండిన లూ తినేసి, నిద్రపోయి లేచేసరికి కూడా అది సన్నగా మూలుగుతోంది. లావినియా మాత్రం ముందు వరసలోంచి ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. బయటికొచ్చేటప్పుడు "ఎవరిదో ఆ దిక్కుమాలిన బండి," అంది.

ఆ తర్వాత శనివారాలు రెండు బండి దారిలో ఆగింది. మా కోళ్లు ఎండకి సొమ్మసిల్లాయి. మాలో కొందరు పౌలా లారీ ఎక్కడం మొదలుపెట్టారు. నేను ఎక్కలేదు. ఎక్కితే ఇవన్నీ మీకెవరు చెప్తారు?

చర్చి కానుకల పండగ దగ్గరికొచ్చింది. ఆ రోజు ఒక్కొక్క ఇంటి పేరు పైకి చదువుతారు. పేరు చదివినప్పుడు తల దించుకోకూడదంటే ముందు శనివారం సంతలో అందరూ ఉన్నదంతా అమ్ముకోవాలి. మాలో పెద్దది ఫాలకికా కెలెపి మొహం మీదే చెప్పింది: "చూడు నాయనా, ఈ శనివారం కూడా ఆగిందో, ఇక మేమంతా పౌలాతోనే. నీ మీద కోపం కాదు. మా చేమాకు వాడిపోద్ది." కెలెపి తలూపాడు. మేమంతా దిగిపోతే ఆ బండి ఉండీ లేనట్టే, ఇంట్లో కుండ కూడా అంతే.

శనివారం తెల్లారగట్ల బయల్దేరాం. ఇండికేటరు వెయ్యడం లేదు, బ్రేకు తొక్కడం లేదు, రేడియో ముట్టుకోవడం లేదు. కెలెపి ఊపిరి బిగబట్టి గుడ్ల బుట్ట మోస్తున్నవాడిలా నడుపుతున్నాడు. వీధి చివర లావినియా చెయ్యెత్తింది. ఆవిడకి పట్నంలో పనుందట. ముందు సీట్లో కూర్చున్న ఆనాసెయిని దిగి వెనక నా ఒళ్లోకి వచ్చింది. అత్త ఇంకో రెండు తడి కట్టలు డిక్కీలో వేయించింది. అవి వేసినప్పుడు బండి ఒకసారి మూలిగిందని నేనంటాను, ఆనాసెయిని కాదంటుంది.

కయ్య పక్కన రోడ్డు వంపు తిరిగే చోట ఇంజను కొట్టుకుంది, దగ్గింది, ఆగిపోయింది.

కెలెపి తాళం తిప్పాడు. ముసలావిడ పలకరించింది. ఇంజను పలకలేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ ముసలావిడే. అప్పుడే వెనకనుంచి పౌలా లారీ వచ్చి పక్కన ఆగింది.

"ఏం కెలెపీ, మీ జపాను అత్తగారు మళ్లీ అలిగిందా?" అన్నాడు పౌలా. "ఎక్కండమ్మా, చోటుంది. వాన కూడా లేదు ఇవాళ."

ఫాలకికా నిట్టూర్చి తలుపు తీసింది. బుట్టలు ఒక్కొక్కటి దిగుతున్నాయి. కెలెపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

లావినియా అడిగింది: "ఏరా, ఎందుకాగింది?"

"కరెంటు, అత్తా."

"బాగుచేయించలేదూ?"

"అన్నీ మార్చాం, అత్తా."

"మరి ఇదేం రోగం? నేను పట్నం వెళ్లాలని దీనికి తెలీదూ?"

కెలెపి తలెత్తి ఆవిడ వైపు చూశాడు. తర్వాత బండి దిగి, అటుపక్కకి నడిచి, అత్త తలుపు తెరిచి, మట్టిరోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండు చేతుల్తో తాళం పైకెత్తి పట్టుకున్నాడు.

"అత్తా, ఈ బండి నీదే. ఇవాళ్టినుంచి కాదు, ఎప్పటినుంచో నీదే. నేనే నాదనుకుని తిరిగాను. తప్పైంది. తీసుకో."

అది తెలివితేటలని కొందరంటారు. తెలివి కాదు, మనిషి విసిగి వేసారిపోయి ఇంక ఎవరైనా తీసుకెళ్లండని వదిలేశాడని నేనంటాను. అతని మొహం నేను దగ్గరనుంచి చూశాను కదా. ఆనాసెయిని మాత్రం నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే గోళ్లు దిగాయి. ఇంటి పొయ్యి అత్త చేతిలోకి వెళ్లిపోతోంది మరి.

లావినియా తాళం తీసుకుంది. కాదనలేదు, ఎందుకని అడగలేదు. మేనత్తలు అలాంటివి అడగరు.

"నా బండి," అంది, రుచి చూస్తున్నట్టు. "నా బండి నన్ను రోడ్డు మీద ఆపిందన్నమాట."

"అవునత్తా."

"సోసైయాని పిలువు."

సోసైయా ఇల్లు అక్కడికి కూతవేటు దూరం. పెండలం ముక్క నములుతూ వచ్చాడు. అత్తని చూసి మింగేశాడు.

"నా బండికేం జబ్బురా?"

సోసైయా కెలెపి వైపు చూశాడు. కెలెపి నేల వైపు చూశాడు. "డిక్కీ కింద చూడాలమ్మా," అన్నాడు సోసైయా చివరికి.

"చూడు."

"అక్కడ సామానుందమ్మా."

"ఎవరి సామాను?"

"మీదేనమ్మా."

"బండి నాది, సామాను నాది. నీకేంట్రా కష్టం?"

అయినా వాడు ముట్టుకోలేదు. లావినియా విసుక్కుంటూ దిగి, వెనక్కొచ్చి, కట్టలూ చాపలూ తనే తీసి మా చేతుల్లో పెట్టింది. లారీలో సగం ఎక్కినవాళ్లు కూడా దిగొచ్చి చూస్తున్నారు. సోసైయా అడుగు పట్టా లేపాడు. అక్కడ బోల్టు అనేది లేదు. బోల్టు ఉండాల్సిన చోట ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన ఒక పుండు ఉంది. వేలితో తాకితే పిండిలా రాలింది. చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుపోయి ఉంది. ఆ ఉప్పుతో మా వీధికి ఏడాదిపాటు కూర వండొచ్చు.

లావినియా వంగి, ఆ ఉప్పు వేలికి రాసుకుని, నాలుక మీద పెట్టుకుంది.

"సముద్రం నీళ్లు," అంది. "నా బండిలో సముద్రం నీళ్లు పోసిన గాడిద ఎవరు?"

ఆవిడ మొగలి కట్టలు నా చేతుల్లోంచి నా పాదాల మీదకి బొట్లు బొట్లుగా కారుతున్నాయి. మేం పదిమందిమి ఉన్నాం, పది నోళ్లున్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. నాదే తెరుచుకోలేదంటే ఆలోచించండి.

"నేనే, అత్తా," అన్నాడు కెలెపి. "చేపల బుట్ట పెట్టాను."

కెలెపి జన్మలో చేప పట్టలేదు. పడవెక్కితే వాంతులు. ఆ సంగతి ఆవిడకి తెలీదా? తెలిసే ఉంటుంది. ఆవిడ కాసేపు అతన్ని పైనుంచి కిందికి చూసింది. నా చేతుల్లో కట్టల వైపు కూడా చూసిందని నాకనిపించింది, గట్టిగా చెప్పలేను.

"ఇకనుంచి నా బండిలో తడి వస్తువు ఎక్కడానికి వీల్లేదు," అంది. "ఎవరిదైనా సరే. తడి గొడుగు కూడా."

సోసైయా వైర్ల కొసలు చెక్కి, గరుకు కాగితంతో రేకు తళతళలాడేలా రుద్ది, పక్కన శుభ్రమైన చోట కొత్త బోల్టు బిగించాడు. మేం ఒక కొబ్బరికాయ తాగేంత సేపు కూడా పట్టలేదు. అత్త తాళం అందిస్తే కెలెపి తిప్పాడు. ముసలావిడ పలకరించింది, వెనకే ఇంజను కూడా పలికింది. ఇండికేటరు వేస్తే ఇండికేటరే వెలిగింది. బ్రేకు తొక్కితే రేడియో పాడుతూనే ఉంది. కెలెపి ఒక్కొక్కటీ నొక్కి చూస్తూ ఇంకెప్పటికీ ముందుకి కదలడేమోననిపించింది. ఫాలకికా తన బుట్ట లారీలోంచి దించుకుని మళ్లీ ఎక్కింది. ఆవిడ వెనకే మిగతావాళ్లూ ఎక్కారు. ఈసారి కోళ్లు డిక్కీలో కూర్చున్నాయి.

తడి కట్టలు రోడ్డు మీద మిగిలాయి. లావినియా వాటి వైపు చూసి, లారీ వైపు చూసింది. పౌలా వాళ్ల నాన్నకి కూడా ఆవిడ చెల్లెలి వరసే. పౌలా మొహంలో రంగు మారడం నేను చూశాను.

అప్పటినుంచి బండి అత్తదే. అత్త ముందు సీట్లో కూర్చుంటుంది. కెలెపి నడుపుతాడు. కిరాయి మాత్రం అతన్నే ఉంచుకోమంది, నా బండి తోలేవాడు ఆకలితో ఉంటే నాకు పరువు తక్కువని. ఆనాసెయిని దుప్పటి ఆనాసెయినికి దక్కింది. మొన్నటినుంచి పౌలా లారీ లైట్లు కన్నుగీటుతున్నాయని విన్నాను.

ఇదంతా రాసేముందు ఒకసారి కెలెపిని అడిగి ఖాయం చేసుకుందామని శనివారం బండెక్కేటప్పుడు కిటికీ దగ్గర ఆగాను. అత్త ముందు సీట్లో విసనకర్ర విసురుకుంటూ కూర్చుంది. కెలెపి నా వైపు తిరగలేదు, అద్దంలోంచి మాట్లాడాడు.

"ఏ బండి ఆగింది? మా అత్త బండి ఎప్పుడూ ఆగలేదు. కయ్య దగ్గర అసలే ఆగలేదు. డిక్కీలో ఎవరూ ఏమీ పెట్టలేదు, దానికేమీ తుప్పు పట్టలేదు, నేనెవరికీ తాళం ఇవ్వలేదు. మా అత్త బండి మొదట్నుంచీ మా అత్తదే. నువ్వు ఆ రోజు అసలు బండిలోనే లేవక్కా. ఎక్కు, చేమాకు వాడిపోద్ది."